ముందు తెరచాపను చుట్టే తాడు: తెగుబలం కన్నా మందమే ఎందుకు ముఖ్యం

పడవ ముందుభాగంలోని తెరచాపను ప్రతిసారీ దించి, మడిచి, సంచిలో కుక్కే పని విహార పడవల్లో చాలావరకు తప్పిపోయింది. తెరచాపను నిలువుగా ఒక గొట్టం చుట్టూ చాపలా చుట్టేసే రోలర్ ఫర్లింగ్ పరికరం ఆ పనిని తన మీద వేసుకుంది. పడవ వెనుక కూర్చున్న మనిషి అక్కడి నుంచే ఒక తాడు లాగితే తెరచాప చుట్టుకుంటుంది, వదిలితే విచ్చుకుంటుంది. ఫర్లింగ్ లైన్ అని పిలిచే ఆ తాడును మార్చాల్సి వచ్చినప్పుడే గందరగోళం మొదలవుతుంది. లావు తాడు చేతికి హాయిగా ఉంటుందని ఒకరు, సన్న తాడయితేనే అది చుట్టుకునే డ్రమ్ములో ఇరుక్కోదని మరొకరు, డైనీమా అనే బలమైన పోగు తాడు తప్ప మరేదీ కొనవద్దని ఇంకొకరు చెబుతారు. ఈ మాటలన్నిటిలోనూ కొంత నిజముంది. ఒక్కొక్కటీ పరికరంలోని ఒక్కో భాగాన్ని మాత్రమే చూసి చెప్పిన మాట కావడం వల్ల అవి ఒకదానితో ఒకటి పొసగవు.

సంక్షిప్తంగా: మామూలు పరిమాణం గల పడవల్లో ఫర్లింగ్ లైన్ ఎంపికను నిర్ణయించేది తెగుబలం కాదు. డ్రమ్ములో ఉన్న చోటు, చేతికి దొరికే పట్టు, గాలి విసురుకు తాడు సాగే తీరు అనే మూడూ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. తెరచాపను పూర్తిగా విప్పడం, పూర్తిగా చుట్టడం మాత్రమే చేసే పడవకు మంచి పాలిస్టర్ తాడు సరిపోతుంది. తెరచాపను సగం చుట్టి గంటల తరబడి ప్రయాణించే పడవకు సాగని లోపలి తాడు ఉన్నది మేలు. రెండింటిలోనూ మందాన్ని పరికరం తయారీదారు చెప్పిన హద్దు దాటనివ్వకూడదు.

డ్రమ్ చేసే పని

స్తంభం పైకొన నుంచి పడవ ముందుకొన దాకా బిగించిన ఉక్కు తీగను ఫోర్‌స్టే అంటారు. దాని మీద గాడి తీసిన అల్యూమినియం గొట్టాన్ని తొడుగుతారు; తెరచాప ముందు అంచు ఆ గాడిలో ఇముడుతుంది. గొట్టం అడుగున డ్రమ్, పైన తెరచాప తలను పట్టుకుని తిరిగే స్వివెల్ ఉంటాయి. ఫర్లింగ్ లైన్ ఒక కొస డ్రమ్ములో ముడిపడి ఉంటుంది. మిగిలిన తాడు పడవ అంచు వెంబడి కప్పీల మీదుగా, పడవ వెనుక మనుషులు కూర్చునే చోటైన కాక్‌పిట్‌కు చేరుతుంది.

కొత్తవారిని తికమకపెట్టే విషయం ఒకటుంది. తెరచాప పూర్తిగా విప్పి ఉన్నప్పుడు డ్రమ్ తాడుతో నిండుగా ఉంటుంది, పూర్తిగా చుట్టి ఉన్నప్పుడు దాదాపు ఖాళీగా ఉంటుంది. తెరచాప వెనుక మూలకు కట్టి ఉండే షీటు తాడును లాగి తెరచాపను విప్పుతున్న కొద్దీ గొట్టం తిరుగుతుంది, ఆ తిరుగుడుకు ఫర్లింగ్ లైన్ డ్రమ్ మీదికి ఎక్కుతుంది. తిరిగి చుట్టడానికి ఆ తాడునే లాగితే డ్రమ్ ఎదురు దిశలో తిరుగుతుంది. అంటే తాడంతా డ్రమ్ములో పట్టవలసిన సమయం తెరచాప విప్పే సమయం. చుట్లు అస్తవ్యస్తంగా పడేదీ అప్పుడే. ఆ తప్పు బయటపడేది మాత్రం కొన్ని గంటల తరువాత, గాలి పెరిగి తెరచాపను చుట్టవలసి వచ్చినప్పుడు.

ఈ ఏర్పాటు మొదటి నుంచీ ఇలా లేదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన వైకమ్ మార్టిన్ పరికరానికి అల్యూమినియం గొట్టం ఉండేది కాదు. తెరచాప ముందు అంచులో కుట్టిన తీగే తిరిగేది. అడుగున తిప్పిన తిరుగుడు పైదాకా సరిగా అందకపోవడం వల్ల దానితో తెరచాపను పూర్తిగా విప్పడమో పూర్తిగా చుట్టడమో తప్ప, మధ్యలో నిలపడం కుదిరేది కాదు. గట్టి గొట్టం వచ్చాక అడుగు, పైభాగం దాదాపు ఒకేసారి తిరగడం సాధ్యమైంది. దాంతో తెరచాపను కొంతమేర చుట్టి, మిగిలిన భాగంతో ప్రయాణించే అలవాటు పెరిగింది. తాడు పనే మారిపోయిందని ఇక్కడ గుర్తించాలి. అంతకుముందు అది చుట్టే తాడు. ఇప్పుడు చుట్టిన తెరచాపను బలమైన గాలిలో గంటల తరబడి నిలిపి ఉంచే తాడు కూడా. ఈ రెండో పనిని లెక్కలోకి తీసుకోకపోవడమే చాలా తప్పుడు ఎంపికలకు మూలం.

తాడు మీద పడే భారం ఎంత

గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 20 నాటికల్ మైళ్ల గాలి 30కి పెరిగితే వేగం ఒకటిన్నర రెట్లే అవుతుంది కానీ ఒత్తిడి 2.25 రెట్లవుతుంది. గంటకు 30 నాటికల్ మైళ్లంటే దాదాపు 55 కిలోమీటర్లు, సెకనుకు 15.4 మీటర్లు. ఆ వేగం దగ్గర ప్రతి చదరపు మీటరు మీద సుమారు 145 న్యూటన్ల ఒత్తిడి, అంటే దాదాపు 15 కిలోల బరువు పడుతుంది. కొంత చుట్టగా మిగిలిన తెరచాప 15 చదరపు మీటర్లు ఉందనుకుంటే మొత్తం 220 కిలోల చేరువలో ఉంటుంది. ఇది స్థూలమైన అంచనా. తెరచాప ఆకారాన్ని, పడవ దిశను బట్టి అటూఇటూ అవుతుంది.

ఆ బలమంతా నేరుగా ఫర్లింగ్ లైన్ మీదికి రాదు. షీటు తాడు లాగే లాగుడు చుట్టను విప్పాలని చూస్తుంది, ఫర్లింగ్ లైన్ డ్రమ్‌ను పట్టుకుని అడ్డుపడుతుంది. ఈ పెనుగులాటలో ఎవరి వ్యాసార్ధం పెద్దదైతే వారికి అంత వెసులుబాటు. తెరచాప చుట్ట సన్నగా, డ్రమ్ మీది తాడు చుట్ట లావుగా ఉంటే తాడు మీద భారం తగ్గుతుంది, తారుమారైతే పెరుగుతుంది. ఎలా చూసినా మామూలు పది మీటర్ల పడవలో నిలకడగా పడే భారం రెండు వందల కిలోల పరిధిలోనే ఉంటుంది. 8 మిల్లీమీటర్ల అల్లిక పాలిస్టర్ తాడు కొత్తగా ఉన్నప్పుడు సాధారణంగా ఒకటిన్నర టన్నులకు పైనే మోస్తుంది. ముడి వేసిన చోట బలం సగానికి పడిపోయినా, తెరచాప రెపరెపలాడి కుదుపులిచ్చినా ఇంకా మిగులు ఉంటుంది.

కాబట్టి దుకాణంలో తాడు చీటీ మీద రాసిన తెగుబలాన్ని చూసి రెండు తాళ్లలో ఒకదాన్ని ఎంచుకోవడం వల్ల ఒరిగేది తక్కువ. ఫర్లింగ్ లైన్లు తెగే మాట నిజమే. కొత్త తాడు భారానికి తెగడం కన్నా, ఒరిపిడికి అరిగి, ఎండకు ఎండి బలం కోల్పోయిన తాడు తెగడమే ఎక్కువ.

డ్రమ్ములో చోటు, చేతిలో పట్టు

మందం విషయంలో రెండు అవసరాలు ఎదురెదురుగా నిలుస్తాయి. లాగే చేతికి లావు తాడు కావాలి. తడిసిన 6 మిల్లీమీటర్ల తాడును బలమైన గాలిలో ఒట్టి చేత్తో లాగితే అరచేతిని కోస్తుంది. 8 మిల్లీమీటర్లు పర్వాలేదనిపిస్తుంది, 10 మిల్లీమీటర్లయితే పిడికిలి నిండుగా పట్టు దొరుకుతుంది. అటువైపు డ్రమ్ముకు మాత్రం సన్న తాడే కావాలి, ఎందుకంటే దాని చోటుకు హద్దుంది.

లెక్కతో చూస్తే విషయం తేటపడుతుంది. ఒక డ్రమ్ములో తాడు చుట్టుకునే భాగం ఎత్తు 60 మిల్లీమీటర్లు, లోపలి ఇరుసు నుంచి బయటి అంచు దాకా లోతు 40 మిల్లీమీటర్లు అనుకుందాం. అడ్డకోతలో చోటు 2,400 చదరపు మిల్లీమీటర్లు. తెరచాపను పూర్తిగా చుట్టడానికి, ఆపైన కొంత మిగులుకు కలిపి 30 చుట్లు కావాలనుకుందాం. తాడు గుండ్రంగా ఉన్నా చుట్లు పక్కపక్కన పడేటప్పుడు సుమారుగా తన మందానికి తగిన చతురస్రాన్ని ఆక్రమిస్తుంది. ఆ ప్రకారం 8 మిల్లీమీటర్ల తాడుకు 1,920, 10 మిల్లీమీటర్ల తాడుకు 3,000, 6 మిల్లీమీటర్ల తాడుకు 1,080 చదరపు మిల్లీమీటర్లు కావాలి. 8 నుంచి 10కి పెంచితే మందం పెరిగింది నాలుగో వంతే. కావలసిన చోటు మాత్రం సగానికి మించి పెరిగింది. చేతికి హాయిగా ఉంటుందని ఒక్క కొలత పెంచిన తాడు డ్రమ్ములో పట్టకపోవడానికి కారణం ఇదే.

పట్టని తాడు ఏం చేస్తుందో దగ్గరగా చూడదగినది. తెరచాప మూడొంతులు విచ్చుకునేసరికి డ్రమ్ నిండిపోతుంది. తరువాతి చుట్లు అంచు మీదికి ఎక్కి, డ్రమ్ముకూ దాని చుట్టూ ఉండే కాపుకూ మధ్య సన్నని సందులోకి జారతాయి. ఒక చుట్టు మరో చుట్టు కిందికి దూరి బిగుసుకుంటుంది. అప్పటికి ఏమీ తెలియదు. గాలి బాగుంది, పడవ సాగుతూనే ఉంటుంది. చీకటి పడ్డాక గాలి పెరిగి తాడు లాగితే నాలుగు చుట్లు వచ్చి ఆగిపోతుంది. ఇటు రాదు, అటు పోదు. ఎవరో ఒకరు నడుముకు రక్షణ పట్టీ కట్టుకుని, ఎగిరిపడే ముందుకొన దాకా మోకాళ్ల మీద పాకి, తలకు దీపం పెట్టుకుని, వేళ్లతో ఆ చుట్లను ఒక్కొక్కటే పెకలించాలి. ఈ పరికరాన్ని పెట్టుకున్నదే ఆ పరిస్థితి రాకుండా.

అలాగని మరీ సన్నని తాడు పెట్టినా నష్టం ఉంది; దీన్ని చాలామంది గమనించరు. పై ఉదాహరణలోని డ్రమ్ ఇరుసు వ్యాసార్ధం 25 మిల్లీమీటర్లు అనుకుంటే, 8 మిల్లీమీటర్ల తాడుతో నిండినప్పుడు తాడు చుట్ట వ్యాసార్ధం 57 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. 6 మిల్లీమీటర్ల తాడుతో 43 దగ్గరే ఆగుతుంది. డ్రమ్‌ను తిప్పే మీట పొడవు ఈ వ్యాసార్ధమే. అది తగ్గితే అదే తెరచాపను కదిలించడానికి మూడో వంతు ఎక్కువ బలంతో లాగాలి, అదీ చేతిని కోసే సన్న తాడుతో. పూర్తిగా విచ్చుకున్న తెరచాపను తొలి చుట్లు తిప్పడమే అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. సరిగ్గా ఆ ఘట్టంలోనే ఈ నష్టం కనిపిస్తుంది. అందువల్ల అంచుకు కొంచెం ఎడం ఉంచి డ్రమ్‌ను చక్కగా నింపే మందమే సరైన మందం.

ఏడు మీటర్ల లోపు పడవల్లో 6, ఎనిమిది నుంచి పదకొండు మీటర్ల పడవల్లో 8, అంతకు పెద్దవాటిలో 10 మిల్లీమీటర్ల తాళ్లు తరచుగా కనిపిస్తాయి. ఇది చూపుకు అందే ధోరణి మాత్రమే. ఒకే పొడవున్న రెండు పడవలకు వేర్వేరు డ్రమ్ములు ఉండవచ్చు కనుక తయారీదారు పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠ మందాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

తొడుగు ఒలిచిన తాడు

ఈ రెండు అవసరాలనూ ఒకే తాడుతో తీర్చే ఉపాయం ఒకటుంది. అల్లిక తాళ్లలో ఎక్కువ భాగం రెండు పొరలవి. లోపల ఒక తాడు, దాని మీద తొడుగులా మరో అల్లిక ఉంటాయి. లోపలి తాడు డైనీమా వంటి బలమైన పోగుతో చేసినదైతే భారాన్ని దాదాపుగా అదే మోస్తుంది. తొడుగు పట్టు కోసం, రక్షణ కోసం ఉంటుంది. అలాంటి 10 మిల్లీమీటర్ల తాడును తీసుకుని డ్రమ్ములోకి వెళ్లే భాగం మీద తొడుగు ఒలిచేస్తే అక్కడ సన్నని తాడు మిగులుతుంది, చేతికి వచ్చే భాగం లావుగానే ఉంటుంది. తొడుగు ఆగిన చోట దాని పోగులను క్రమంగా పలుచన చేసి లోపలి తాడులోకి దూర్చి కుట్టాలి. అక్కడ గట్టి గడ్డ మిగిలితే అది మొదటి కప్పీలోనే తగులుకుంటుంది.

ఎక్కడ ఒలవడం ఆపాలన్నది కొలిచి తేల్చుకోవాలి. తెరచాప పూర్తిగా విప్పి, డ్రమ్ నిండినప్పుడు తొడుగు మొదలయ్యే చోటు డ్రమ్ముకు బయట ఉండాలి. తెరచాప పూర్తిగా చుట్టినప్పుడు అదే చోటు పడవ వెనుక వైపుకు కొన్ని మీటర్లు జరుగుతుంది. అప్పుడు తాడును పళ్లతో పట్టి నిలిపే క్లీటులో బిగిసే భాగం ఎప్పుడూ తొడుగున్నదే అయ్యేలా చూడాలి, ఎందుకంటే ఒట్టి డైనీమా క్లీటు పళ్లకు సరిగా చిక్కదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. లోపలా బయటా పాలిస్టరే ఉన్న తాడులో భారాన్ని రెండు పొరలూ పంచుకుంటాయి. దాని తొడుగు ఒలిస్తే బలంలో పెద్ద భాగం తొడుగుతోపాటే పోతుంది. మిగిలిన లోపలి అల్లిక వదులుగా ఉండి ఒరిపిడికి తట్టుకోదు. ఒలిచే ఉపాయం అన్ని తాళ్లకూ వర్తించదు.

సాగుడు: గాలి విసిరినప్పుడు జరిగేది

తెరచాపను సగం చుట్టి, ఫర్లింగ్ లైన్‌ను క్లీటుకు కట్టేశాక తాడు పని ముగిసినట్టు కనిపిస్తుంది. అసలు పరీక్ష అక్కడే మొదలవుతుంది. క్లీటు నుంచి డ్రమ్ దాకా పది మీటర్ల తాడు ఉందనుకుందాం. గాలి విసురుకు భారం పెరిగినప్పుడు అల్లిక పాలిస్టర్ తాడు రెండున్నర శాతం సాగితే 25 సెంటీమీటర్లు పెరిగినట్టు. సగం నిండిన డ్రమ్ మీద తాడు చుట్టుకొలత 28 సెంటీమీటర్లుంటే, డ్రమ్ ఇంచుమించు పూర్తి చుట్టు వెనక్కి తిరిగిపోతుంది. అంటే తెరచాప తక్కువ కావలసిన క్షణంలోనే అది కొంత ఎక్కువవుతుంది. విసురు తగ్గగానే తాడు ముడుచుకుంటుంది, డ్రమ్ ముందుకు వస్తుంది. రాత్రంతా ఇది సాగితే కప్పీల దగ్గర, క్లీటు దగ్గర తాడు అవే చోట్ల వేల సార్లు ఒరుసుకుంటుంది. డైనీమా లోపలి తాడు అదే భారానికి అర శాతం సాగిందనుకుంటే పెరిగేది 5 సెంటీమీటర్లే. డ్రమ్ అయిదో వంతు చుట్టు కూడా తిరగదు.

అయితే విసురుకు తెరచాప కొంచెం బయటికి వచ్చిన ప్రతిసారీ తప్పును తాడు మీదే వేయడం సరికాదు. తెరచాపను వదులుగా చుట్టి ఉంటే, డ్రమ్ కదలకపోయినా చుట్ట తనలో తాను బిగుసుకుని గుడ్డను బయటికి వదులుతుంది. అలాగే డ్రమ్ మీది చుట్లు వదులుగా పడి ఉంటే భారం పడగానే పైచుట్టు కిందిచుట్లలోకి దిగబడుతుంది. ఆ జారుడు సాగుడులాగే కనిపిస్తుంది. ఖరీదైన తాడు ఈ రెంటినీ నయం చేయలేదు. చుట్టేటప్పుడు షీటు తాడును పూర్తిగా వదిలేయకుండా కొద్దిపాటి బిగువు ఉంచడం, విప్పేటప్పుడు ఫర్లింగ్ లైన్‌ను చేత్తో కొద్దిగా ఆపుతూ వదలడం వీటికి మందు.

పోగు ఎంపికను ఈ వెలుగులోనే చూడాలి. నైలాన్ బాగా సాగే పోగు, తడిస్తే బలం కూడా కొంత తగ్గుతుంది. లంగరు తాడుకు ఆ సాగుడు వరం, ఇక్కడ శాపం. పాలీప్రొపిలీన్ నీటిలో తేలుతుంది కానీ ఎండకు త్వరగా పెళుసెక్కుతుంది. పాలిస్టర్ ఎండకు, తడికి, ఒరిపిడికి ఓర్చుకుంటుంది, ముడిని బాగా పట్టుకుంటుంది. డైనీమా పోగు సాగదు, బరువు లేదు, నీటి మీద తేలుతుంది. కానీ నున్నగా ఉండటం వల్ల మామూలు ముళ్లు జారతాయి. డ్రమ్ రంధ్రంలో దాన్ని నిలిపే ముడికి రెండు మెలికలు ఎక్కువ వేసి, తోక పొడవుగా వదలాలి. అది 150 డిగ్రీల సెల్సియస్ చేరువలోనే కరుగుతుంది కూడా. భారంతో ఉన్న తాడును వేగంగా జారనిస్తే పుట్టే వేడికి పాలిస్టర్ తొడుగే దానికి కవచం. పురిపెట్టి పేనిన మూడు పాయల తాడును డ్రమ్ముకు వాడకపోవడం మంచిది. బిగువుకు దాని పురి విప్పుకోవాలని చూస్తుంది, వదులయిన క్షణంలో మెలిక పడుతుంది.

తొడుగు మెరిసే నున్నని పోగుతో ఉందా, నూలులా గరుకైన పోగుతో ఉందా అన్నది చూడటానికి చిన్న విషయం. చేతి పట్టుకు మాత్రం అది ఒక మిల్లీమీటరు మందం పెంచినంత తేడా చేస్తుంది.

పొడవు లెక్క

పడవ పొడవుకు రెండింతలు కొనమని ఒక పాత లెక్క ఉంది. అది ఎందుకు చాలావరకు సరిపోతుందో పది మీటర్ల పడవను తీసుకుని చూడవచ్చు. తెరచాప వెనుక మూల నుంచి ముందు అంచుకు ఉన్న అడ్డు దూరం 4.5 మీటర్లు. చుట్ట మొదట్లో సన్నగా, చివర్లో లావుగా ఉంటుంది. సగటు చుట్టుకొలత 20 సెంటీమీటర్లు అనుకుంటే 22 లేదా 23 చుట్లు పడతాయి. బలమైన గాలిలో చుట్ట బిగువుగా, సన్నగా పడుతుంది కనుక మరో మూడు, నాలుగు చుట్లు ఎక్కువ కావాలి. చుట్టేశాక షీటు తాళ్లను కూడా తెరచాప చుట్టూ రెండు, మూడు సార్లు తిప్పి పెడతారు. ఆ తరువాత కూడా డ్రమ్ మీద కొన్ని చుట్లు మిగలాలి. లేకపోతే భారమంతా నేరుగా ముడి మీద పడుతుంది. అన్నీ కలిపితే 30 చుట్లు దాటవచ్చు. చుట్టుకు 25 సెంటీమీటర్ల చొప్పున డ్రమ్ మీదికి సుమారు 7.5 మీటర్లు, డ్రమ్ నుంచి కాక్‌పిట్‌కు 10 మీటర్లు, చేతికి మిగులు ఒకటిన్నర మీటరు వేస్తే 19 మీటర్లు వస్తుంది.

తక్కువ పడిన తాడు ప్రశాంతమైన రోజున పట్టుబడదు. నెమ్మదైన గాలిలో వదులుగా చుట్టినప్పుడు సరిపోయిన తాడు, గాలి హోరులో బిగువుగా చుట్టినప్పుడు చాలక, తెరచాప వెనుక మూల చిన్న త్రికోణంలా బయట మిగిలిపోతుంది. ఎక్కువ పడిన తాడును డ్రమ్ మీద అదనంగా చుట్టి పెట్టడమూ తప్పే, అది చోటును తినేస్తుంది. మిగులు ఎప్పుడూ కాక్‌పిట్ వైపే ఉండాలి.

తాడు నడిచే దారి

సరైన తాడు కూడా తప్పుడు దారిలో నడిస్తే ఇరుక్కుంటుంది. డ్రమ్ నుంచి బయటికి వచ్చిన తాడు మొదటి కప్పీకి చేరేటప్పుడు ఫోర్‌స్టేకు లంబంగా, డ్రమ్ ఎత్తుకు నడిమధ్యగా ఉండాలి. కప్పీ పైకి ఉంటే చుట్లన్నీ పైఅంచున పోగుపడతాయి, కిందికి ఉంటే కిందనే పడతాయి. మిగతా సగం ఖాళీగా ఉండగానే డ్రమ్ నిండినట్టవుతుంది. కొత్త తాడు వేశాక ఇరుకుడు మొదలైందంటే, తాడును నిందించే ముందు ఈ ఒక్క కోణాన్ని చూడటం మేలు. డ్రమ్‌ను ఏ దిశలో తిప్పాలన్నది ఎండ తగలకుండా తెరచాప అంచుకు కుట్టిన పట్టీ నిర్ణయిస్తుంది. చుట్టినప్పుడు ఆ పట్టీ బయటికి రావాలి. తాడు దానికి తగిన వైపు నుంచి డ్రమ్ములోకి దిగాలి.

మలుపుల దగ్గర రాపిడి కూడుతూ పోతుంది. దారి పొడవునా ఉన్న చిన్నచిన్న వంపులన్నీ కలిపి 180 డిగ్రీలు అయ్యాయనుకుందాం. తాడు కప్పీ లేని ఒట్టి రింగుల మీదుగా జారుతుంటే, రాపిడి గుణకం 0.15 అయినా, డ్రమ్ దగ్గర 20 కిలోల లాగుడు కావాలంటే చేతి దగ్గర 32 కిలోలు లాగాలి. బేరింగులున్న కప్పీలు ఒక్కొక్కటీ తినేది కొద్ది శాతమే. చిట్టచివరి కప్పీ ఒకవైపు మాత్రమే తేలికగా తిరిగే రాచెట్ రకమైతే, తెరచాప విప్పేటప్పుడు తాడును అదుపులో ఉంచడం తేలికవుతుంది.

చేతికి రానప్పుడు తాడును వించ్ మీద, అంటే పిడి తిప్పి తాడును బలంగా లాగే యంత్రం మీద, వేయాలన్న ఆలోచన సహజం, ప్రమాదకరం కూడా. తాడు అకస్మాత్తుగా బరువెక్కిందంటే ఎక్కడో ఏదో అడ్డుపడిందని అర్థం. స్తంభం పైన తెరచాపను ఎత్తే హాల్యార్డ్ తాడు గొట్టానికి చుట్టుకుపోవడం అలాంటి అడ్డంకుల్లో అతి హానికరమైనది. ఆ స్థితిలో వించ్ తిప్పితే గొట్టం మెలి తిరుగుతుంది, ఫోర్‌స్టే తీగ పోగులు తెగవచ్చు. ఒట్టి చేయి అయితే ఆగిపోతుంది, వించ్ ఆగదు. ఫర్లింగ్ లైన్ చేతితో లాగగలిగేలా, చేతికి తెలిసేలా ఉండాలనడానికి ఇది బలమైన కారణం. పెద్ద పడవల్లో వించ్ తప్పనిసరి అయినప్పుడు కూడా ముందు తెరచాపను గాలికి కొంత వదిలి, పైకి ఒకసారి చూసి, ఆ తరువాతే తిప్పాలి.

తేలిక గాలుల్లో వాడే పెద్ద తెరచాపలకు అంతులేని తాడు పద్ధతి వేరుగా ఉంది. దాంట్లో తాడు డ్రమ్ మీద పోగుపడదు. కొసలు కలిపి వలయంగా కుట్టిన తాడు పళ్లున్న చక్రం మీదుగా తిరుగుతుంది. అక్కడ మందం తయారీదారు చెప్పినదానికి సరిగ్గా సరిపోవాలి. సన్నగా ఉంటే జారుతుంది, లావుగా ఉంటే గాడిలో కూర్చోదు. సాధారణంగా ఆ తెరచాపలను పూర్తిగా విప్పుతారు లేదా పూర్తిగా చుట్టేస్తారు కనుక సగం చుట్టి నిలిపే ప్రశ్న అక్కడ రాదు.

అరుగుదల, ఒంటరిగా వదిలిన పడవ

ఫర్లింగ్ లైన్ సమంగా అరగదు. డ్రమ్ నుంచి బయటపడే చోట, మొదటి కప్పీ దగ్గర, క్లీటు పళ్ల కింద అరుగుతుంది. మిగతా తాడు కొత్తదానిలాగే ఉంటుంది. తొడుగు గాజులా మెరిసి గట్టిపడటం, పోగులు లేచి నూగులా కనిపించడం, వేళ్ల మధ్య నలిపితే లోపలి తాడు జారుతూ ఉబ్బెత్తుగా తగలడం మార్చే సమయం దగ్గరపడిందనడానికి గుర్తులు. మొదలూ చివరా ఒకే మందం ఉన్న తాడును కొసలు మార్చి తిరగేస్తే అరిగే చోట్లు మారతాయి, మరికొంత కాలం పనికొస్తుంది. తొడుగు ఒలిచిన తాడుకు ఈ సౌలభ్యం లేదు. దాన్ని ఎంచుకునేవారు ఈ ఖర్చును కూడా ముందే లెక్కవేసుకోవాలి. ఉప్పు పేరుకుని బిరుసెక్కిన తాడు డ్రమ్ములో చక్కగా పడదు కనుక అప్పుడప్పుడు మంచినీటిలో నానబెట్టి ఆరబెట్టడం రెండు రకాలకూ అవసరం.

మనుషులు లేని పడవలో ఈ తాడు తెగినా, క్లీటు నుంచి జారినా పెనుగాలికి తెరచాప మొత్తం విచ్చుకుంటుంది. గంటల తరబడి కొట్టుకుని చిరుగులు పడుతుంది. స్తంభాన్నీ ఫోర్‌స్టేనూ ఊపేస్తుంది. పళ్లతో పట్టే క్లీటు ప్రయాణంలో చాలు కానీ, పడవను వదిలి వెళ్లేటప్పుడు కొమ్ముల క్లీటుకు కట్టడమే నమ్మకం. షీటు తాళ్లను తెరచాప చుట్టూ రెండు, మూడు చుట్లు తిప్పి బిగించి, తెరచాప వెనుక మూల ఉన్న ఎత్తున విడిగా ఒక పట్టీతో చుట్టను గట్టిగా కట్టేయాలి. ఫర్లింగ్ లైన్ వదిలేసినా, ఆ కట్టు ఉన్నంతవరకు గాలి చేతికి తెరచాప కొస చిక్కదు.